రాజులదా, ఇప్పటిదా? ప్రేమ నవల తీసుకునే ముందు

పర్లాకిమిడిలో మా ఇంటి ముందు గదిలో ఒక చెక్క బీరువా ఉంది. అందులో మూడొందల పైచిలుకు తెలుగు నవలలు. అద్దె లేదు. తీసుకెళ్ళిన పుస్తకం తిరిగి తెచ్చివ్వడమొక్కటే షరతు. వచ్చినవాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే మాట: "మంచి ప్రేమ కథ ఏదైనా ఇయ్యండి పిన్నీ. రాజులదా, ఇప్పటిదా, మీరే చెప్పండి."

ఇదివరకు చేతికందింది ఇచ్చేసేదాన్ని. వారం తిరక్కుండా అది వెనక్కి వచ్చేది, ఇరవయ్యో పేజీలో పాతపట్నం బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి. మంచి పుస్తకమే, తప్పు చేతికి ఇచ్చాను. అందుకని ఇప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగాకే బీరువా వైపు వెళ్తాను. ఆ ప్రశ్నలూ, వాటిని బట్టి నేనిచ్చే సలహా ఇక్కడ రాస్తున్నాను. ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని మన ఊళ్ళలో తెలుగు చదువు తీరు వేరు కాబట్టి హైదరాబాదులో కూర్చుని చెప్పే సలహాకీ దీనికీ కొంచెం తేడా ఉంటుంది.

## ముందు అడిగే నాలుగు ప్రశ్నలు

అడ్డం ఎక్కణ్ణించి రావాలి? ప్రేమ నవలంతా అడ్డం మీదే నడుస్తుంది. మొదటి అధ్యాయంలోనే ఇద్దరూ ఒప్పేసుకుంటే మిగతా మూడొందల పేజీల్లో రాయడానికేముంది? రాజుల కథల్లో ఆ అడ్డం బయటినుంచి వస్తుంది. కోట గోడ, తండ్రి ఇచ్చిన మాట, యుద్ధం, రెండు రాజ్యాల పగ. అమ్మాయీ అబ్బాయీ ఏ తప్పూ చెయ్యకపోయినా కాలమే వాళ్ళని విడదీస్తుంది. ఇప్పటి కథలో ఇద్దరికీ ఉద్యోగం, జీతం, చేతిలో ఫోను ఉంటాయి. ఎవరూ ఎవరినీ కోటలో బంధించరు. కాబట్టి రచయిత అడ్డాన్ని మనుషుల లోపల వెతకాలి: పౌరుషం, అనుమానం, వెనకటి దెబ్బ, "నేనెందుకు ముందు చెప్పాలి" అన్న పంతం. విధిని తలుచుకుని ఏడవాలనుంటే మొదటిది. హీరోని "ఒరే, నోరు తెరిచి చెప్పొచ్చు కదరా" అని తిట్టుకుంటూ చదవాలనుంటే రెండోది. నేనడిగే వాటిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. మిగతా మూడూ దీని తరవాతే.

మీరు ఏ బడిలో చదివారు? ఇది మన దగ్గర తప్పకుండా అడగాలి. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడి, బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు మన వీధుల్లో కొల్లలు. వాళ్ళకి తెలుగు అక్షరాలు వచ్చు గానీ కూడబలుక్కుని చదువుతారు. అలాంటి గుంట చేతిలో సమాసాలతో నిండిన నవల పెడితే ఇక తెలుగు పుస్తకం జోలికే రాదు.

ముగింపు ఎలా ఉండాలి? ఇంగ్లీషు వాళ్ళ ప్రేమ నవలల్లో ఇది రాయని ఒప్పందం: ఎన్ని కష్టాలొచ్చినా చివరికి ఇద్దరూ కలవాలి. మన చారిత్రక నవలలు ఆ ఒప్పందానికి కట్టుబడవు. "ప్రేమ కథ" అని తీసుకెళ్ళి, చివర్లో గుండె బరువెక్కి నా మీద కోపం తెచ్చుకున్నవాళ్ళున్నారు.

ఎప్పుడు చదువుతారు? గుణుపూర్ రైల్లో గంటన్నరా, రాత్రి పిల్లలు పడుకున్నాక పావుగంటా, వేసవి సెలవులా? నవల నిడివి దానికి సరిపోవాలి.

## మూడు దొంతరలు

నా బీరువాలో రాజులవీ ఇప్పటివీ అని రెండే దొంతరలు ఉండేవి. ఒకసారి చదువుకుంటున్న పిల్ల ఒకతి యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' తీసుకెళ్ళి, మర్నాడు వచ్చి అడిగింది: "పిన్నీ, ట్రంకాల్ అంటే ఏటి?" ఎక్స్చేంజి వాళ్ళని అడిగి దూరపు ఊరికి చేయించుకునే ఫోను అది. నాకు నవ్వాగలేదు. అది రాసినప్పుడు అంతకన్నా కొత్త కథ లేదు. ఆడపిల్ల ఆఫీసులో ఉద్యోగం చెయ్యడమే అప్పుడు కొత్త. ఈ పిల్లకి అది వాళ్ళ అమ్మమ్మ కాలం. ఆ రోజు మూడో దొంతర పెట్టాను.

ఇది మనకే కాదు, ఇంగ్లీషులోనూ ఉన్నదే. జేన్ ఆస్టెన్ 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అచ్చు వేయించినప్పుడు ఆమె తన చుట్టూ ఉన్న మనుషుల గురించే రాసింది. ఇప్పుడది గుర్రపు బగ్గీల కాలం నాటి కథ. జార్జెట్ హేయర్ మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో కూర్చుని ఆ కాలాన్ని ఏరికోరి తిరిగి కట్టింది. చదివేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపించినా తయారీ వేరు. ఒకటి నిలవ ఉండి పాతబడింది, రెండోది పాత రుచి వచ్చేలా వండింది.

### రాజులవి

ఇందులో అడవి బాపిరాజు 'హిమబిందు'ని ముందు పెడతాను. శాతవాహనుల కాలం, కోటీశ్వరుడైన వర్తకుడి కూతురు, ఒక శిల్పి, పక్కన విషకన్య కథ. చదువుతుంటే బొమ్మలు కనిపిస్తాయి. బాపిరాజు స్వయంగా చిత్రకారుడు కదా, చీర రంగు చెప్పకుండా ఏ అమ్మాయినీ గదిలోకి రానివ్వడు. వర్ణనలంటే ఇష్టమున్నవాళ్ళకి పండగ. కథ పరిగెత్తాలనుకునేవాళ్ళు మాత్రం పేజీలు తిప్పేస్తారు. వాళ్ళకి ఆయనదే 'గోన గన్నారెడ్డి' ఇస్తాను. కాకతీయుల కాలం, కత్తులూ గుర్రాలూ ఎక్కువ, ప్రేమ వాటి మధ్య సందు చూసుకుని నడుస్తుంది.

విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర' సంగతి వేరు. మధుర నాయకుల కాలం. ఇద్దరు ప్రాణమిత్రులు, ఒకరు ప్రేమించిన అమ్మాయి తెలియకుండా మరొకరికి భార్య అవుతుంది, అదీ రెండు వైపులా. ఇందులో చెడ్డవాడు లేడు. అందరూ ధర్మం తప్పకూడదనుకునేవాళ్ళే, ఆ ధర్మమే మెడకు చుట్టుకుంటుంది. బయటి అడ్డం ఎంత పదునుగా ఉండగలదో చూడాలంటే దీన్ని మించింది నాకు తెలియదు. 1969లో సినిమాగా వచ్చింది, ఇంట్లో పెద్దవాళ్ళకి కథ తెలిసే ఉంటుంది. సుఖాంతం కావలసినవాళ్ళు ముట్టుకోవద్దు.

ఒడియా హాయిగా చదివేవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఫకీర్ మోహన్ సేనాపతి 'లఛమా' చదవండి. పద్దెనిమిదో శతాబ్దపు మరాఠా దాడుల నేపథ్యం. రెండు భాషలూ వచ్చినందుకు మనకి దక్కిన లాభం ఇలాంటివే. రెండు బీరువాలూ మనవే.

రాజుల ప్రేమ మన ఊళ్ళలో పుస్తకంలోనే ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. రథయాత్రకి వెళ్ళిన ప్రతి పిల్లకీ ఎవరో ఒకరు కాంచీ రాకుమారి కథ చెప్పే ఉంటారు. పూరీ గజపతి పురుషోత్తమ దేవుడు రథం ముందు చీపురు పట్టి ఊడుస్తాడని, ఊడ్చేవాడికి పిల్లనివ్వనన్నాడు కాంచీ రాజు. గజపతి దండెత్తి గెలిచి, ఆ పిల్ల పద్మావతిని తెచ్చి, ఊడ్చేవాడికే ఇచ్చి పెళ్ళి చెయ్యమని మంత్రికి ఆజ్ఞాపించాడు. మంత్రి రథయాత్ర దాకా ఆగాడు. రాజు బంగారు చీపురు పట్టి ఛెరా పహరా, అంటే ఆ ఊడ్చే సేవ, చేస్తుంటే, "ఇంతకన్నా మంచి ఊడ్చేవాడు నాకు దొరకలేదు" అంటూ పిల్లని తెచ్చి ఆయనకే అప్పగించాడు. కోపంతో మొదలై పెళ్ళితో ముగిసే ప్రేమ కథలకి యాప్‌లలో ఇప్పుడు వేల మంది చదువరులున్నారు. ఆ కథని మన తాతలు రథం తాడు పట్టుకుని చెప్పుకున్నారు.

దీనికి చేదు జంట కూడా ఉంది. ఆ పురుషోత్తముడి కొడుకు ప్రతాపరుద్రుడు కృష్ణదేవరాయల చేతిలో ఓడి, సంధిగా కూతుర్ని ఇచ్చాడు. తెలుగు వాళ్ళు ఆమెను తుక్కాదేవి అంటారు. రాయలు ఆమెను పట్టించుకోలేదనీ, కంభం దగ్గర ఒంటరిగా బతికిందనీ ఐతిహ్యం. ఆమె చెప్పిందనే 'తుక్కా పంచకం'లో తుమ్మెద వాసన చూడని సంపంగి గురించిన శ్లోకం ఒకటి ఉంది. ఒడిశా నుంచి తెలుగు ఇంటికో, తెలుగు ఇంటి నుంచి ఒడిశాకో కోడలిగా వెళ్ళిన మన ఆడపిల్లకి ఆ ఒక్క శ్లోకం చాలు, నవల అక్కర్లేదు. చారిత్రక కథల ఆకర్షణ నా మటుకు ఇదే. రికార్డులో ఒక్క వాక్యం ఉంటుంది, ఆ పిల్ల రాత్రిళ్ళు ఏమనుకుందో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ ఖాళీలోనే నవల పుడుతుంది.

లోటు లేదని కాదు. కొందరు రచయితలు పట్టుచీర కట్టించి లోపల ఇప్పటి అమ్మాయినే కూర్చోబెడతారు. రాకుమారి కాలేజీ పిల్లలా మాట్లాడుతుంది. ఇంకొందరు అంతఃపురమంటే నగల కొట్టులా వర్ణించి, దాసీలకీ ఒక బతుకుందని మరిచిపోతారు.

### అమ్మల నాటివి

వారపత్రికల్లో సీరియళ్ళుగా వచ్చి ఇళ్ళకిళ్ళు ఊపేసిన 1960, 70ల నవలలివి. యద్దనపూడి 'సెక్రటరీ', 'మీనా', కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమనగర్'. నా బీరువాలో అట్టలు ఎక్కువగా చిరిగినవి వీటివే.

వీటి బలం మాట. చదువుతుంటే ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ మన ఊరి గొప్ప ఒకటి చెప్పుకోకుండా ఉండలేను. పుస్తకాల్లో కూడా జనం మాట్లాడే తెలుగే ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ పోరాటం లేకపోతే 'సెక్రటరీ'లో జయంతి గ్రంథాల భాషలో అలిగేది. ఒడియా బడిలో చదివిన మన పిల్ల ఇవాళ ఆ పేజీ ఆపకుండా చదవగలుగుతోందంటే, ఆయన వదిలి వెళ్ళిన ఊరికే ఆయన పని పనికొచ్చినట్టు.

వీటిలో హీరో ఆరడుగుల పొడుగు, కారు, మితభాషి. ఆ పొగరు చూసి అప్పట్లో మేమంతా మురిసిపోయాం. ఇప్పటి పిల్లలు ముఖం చిట్లిస్తారు: "ఇతగాడు అంత కసురుకుంటే ఆ పిల్ల ఊరుకుందేటి?" సరైన ప్రశ్నే. నా జవాబల్లా, హీరోని పక్కన పెట్టి హీరోయిన్ని చూడమని. సొంత జీతం కోసం ఇల్లు దాటిన ఆడపిల్ల ఆత్మాభిమానం వీటి అసలు కథ, ప్రేమ దానికి పరీక్ష.

తరవాతి దశాబ్దపు యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' కూడా ఇక్కడే పెట్టాను. చదరంగం ఆటగాడికి ఫోను చేసే అమ్మాయి ఎవరో తెలియకపోవడమే అందులో అడ్డం. ఇవాళైతే తెర మీద నంబరు పడి రెండో పేజీలో అయిపోయే కథ. ముగింపు సంగతి చెప్పను. దగ్గర రుమాలు ఉంచుకోండి.

### ఇప్పటివి

ప్రతిలిపి లాంటి యాప్‌లలో వచ్చే సీరియళ్ళు, వాటినుంచి పుస్తకాలైనవి. ఇవి బీరువాలో తక్కువ, పిల్లల ఫోన్లలో ఎక్కువ. ఒప్పందపు పెళ్ళిళ్ళు, కంపెనీ బాసులు, విడిపోయి మళ్ళీ కలిసేవాళ్ళు. భాగం చిన్నది, భాష తేలిక, చివర్లో ఉత్కంఠ. రైలు ప్రయాణానికి ఇంతకన్నా అనువైనది లేదు. చదవడం కష్టమైనవాళ్ళు ఆడియో యాప్‌లలో వినొచ్చు. మా వీధిలో ఒకావిడకి తెలుగు అక్షరాలే రావు, పని చేసుకుంటూ నెలకో నవల వినేస్తోంది.

మంచీ చెడ్డా కలగాపులగంగా ఉంటాయి. ఇరవై భాగాల్లో అయ్యే కథని నూటయాభైకి సాగదీసేవాళ్ళున్నారు. కొన్నిచోట్ల తరవాతి భాగానికి డబ్బు కట్టాలి, లేదా మర్నాటిదాకా ఆగాలి. పూర్తయిన సీరియలేనా అని చూసుకున్నాకే మొదలుపెట్టండి.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఇప్పటి కథల్లో బయటి అడ్డాలు లేవన్నాను కదా, పుస్తకాల్లో లేవు, మన వీధుల్లో ఉన్నాయి. కులం ఎక్కడికీ పోలేదు. తెలుగు పిల్లా ఒడియా పిల్లాడూ ఇష్టపడితే పెళ్ళి ఏ పద్ధతిలో చెయ్యాలి, పుట్టినవాళ్ళు ఏ బడికెళ్ళాలి, అత్తగారు ఏ భాషలో తిడుతుంది, ఇవన్నీ నవలకి సరిపడా సరుకే. నా బీరువాలో అలాంటి పుస్తకం ఒక్కటీ లేదు. హీరోయిన్లందరూ హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. బరంపురంలో పట్టుచీరల కొట్టు నడిపే హీరోయిన్ కోసం ఎదురు చూస్తున్నాను.

## ఒక్కచోట చూసుకోవడానికి

| | రాజులవి | అమ్మల నాటివి | ఇప్పటివి |
|---|---|---|---|
| అడ్డం | రాజ్యం, ధర్మం, యుద్ధం | డబ్బు తేడా, పరువు, ఆత్మాభిమానం | పంతం, భయం, ఉద్యోగం |
| భాష | బరువు, ఓపిక కావాలి | వాడుక తెలుగు | చాలా తేలిక, ఇంగ్లీషు కలుస్తుంది |
| ముగింపు | చెప్పలేం | ఎక్కువగా పెళ్ళి | దాదాపు అన్నీ సుఖాంతం |
| నిడివి | సెలవుల్లో చదివేంత | రెండు మూడు రోజులు | భాగానికి పది నిమిషాలు |
| వినడానికి | వినేవాళ్ళకీ ఓపిక కావాలి | బాగుంటాయి | వినడానికే పుట్టినట్టుంటాయి |

## ఎవరికి ఏది

తెలుగు కూడబలుక్కునే పిల్లకి: 'మీనా'. వేరే మాట లేదు. పట్నం పిల్ల పల్లెకొచ్చే కథ. దాన్నుంచి వచ్చిన సినిమా చూసి ఉంటే ఇంకా నయం, తెలిసిన కథైతే అక్షరాలు తొందరగా పరిగెడతాయి. దాని తరవాత ఇంకో రెండు అమ్మల నాటివి చదివాకే రాజుల జోలికి వెళ్ళాలి.

కొత్తగా పెళ్ళై, అత్తింట్లో మనసు కుదుటపడని అమ్మాయికి నేను 'ఏకవీర' ఇవ్వను. ఒకసారి ఇచ్చి తప్పు చేశాను. పెళ్ళి తప్పు మనిషితో జరిగిపోయిన కథ ఆ సమయంలో ఎవరికైనా గుచ్చుకుంటుంది. ఆమె పుస్తకం తిరిగిస్తూ ఏమీ అనలేదు, చాలాకాలం మా గుమ్మం తొక్కలేదు. అలాంటప్పుడు నవ్వించే ఇప్పటిదేదైనా చాలు.

రిటైరైన మేష్టార్లు వస్తారు, "ప్రేమ నవలలా? ఛ" అంటూనే. వాళ్ళకి చరిత్ర అని చెప్పి 'హిమబిందు' ఇస్తాను. పుచ్చుకుంటారు. ఒకాయన శాతవాహనుల సంవత్సరాల గురించి నాతో అరగంట వాదించి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ శిల్పి కుర్రాడి కథ బాగుంది" అని గొణిగారు.

తల్లీకూతుళ్ళు ఇద్దరూ చదివే ఇళ్ళకి అమ్మల నాటివే. అమ్మ చదివిన పుస్తకమే కూతురూ చదివితే, హీరో మీద ఇంట్లో రెండు పార్టీలవుతాయి. ఆ పోట్లాట వినడానికైనా నేను మళ్ళీ వాళ్ళింటికి వెళ్తాను.

యాప్‌లో నూటయాభై భాగాలు చదివేసి "ఇంకేం లేదా?" అనే పిల్లలు కొందరుంటారు. వాళ్ళకి ముందు కాంచీ రాకుమారి కథ చెబుతాను, తరవాత 'గోన గన్నారెడ్డి' చేతిలో పెడతాను. వేగం అలవాటైన చేతికి వర్ణనలు తక్కువున్న రాజుల కథే సరిపడుతుంది.

ఇక ఏదీ తేల్చుకోలేనివాళ్ళకి నా వరస ఇది: 'మీనా', 'సెక్రటరీ', 'గోన గన్నారెడ్డి', 'హిమబిందు', చిట్టచివర 'ఏకవీర'. మధ్యలో ఎక్కడైనా ఆగిపోవచ్చు, నేను పరీక్ష పెట్టను. 'ఏకవీర' పట్టుకెళ్ళేవాళ్ళకి మాత్రం ఒక మాట చెప్పి పంపిస్తాను. సెలవు రోజు చూసుకుని మొదలుపెట్టండి, చివరి యాభై పేజీలూ పొయ్యి మీద పప్పు పెట్టి చదవకండి. మా ఇంట్లో ఒక ఇత్తడి గిన్నె అలాగే పోయింది.